పెద్దలు ఒంటరిగా ఉండే ఇంటికి నాలుగు సెన్సర్లు

రక్తపుపోటు, మధుమేహం, మోకాళ్ల నొప్పులు అంటూ వ్రాసే వైద్యుడు ఉన్నట్టుండి ఎలక్ట్రానిక్ పరికరాల ప్రస్తావన తెచ్చాడేమిటని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది. రెండేళ్ల క్రితం ఒక ఆషాఢమాసపు రాత్రి తెనాలిలో మా పెద్దక్కయ్య స్నానాలగదికి వెళ్లి వస్తూ గడప దగ్గర జారిపడింది. అప్పటికి ఆవిడ వయస్సు డెబ్బై ఎనిమిది. బావగారు పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. ఆవిడ పడినది రాత్రి రెండు గంటలకు. పనిమనిషి వచ్చి తలుపు కొట్టి, లోపలి మూలుగు విని, ఎదురింటివారిని పిలుచుకొచ్చినది ఉదయం ఏడు గంటలకు. ఆ ఐదు గంటలూ ఆవిడ తడి గచ్చు మీదనే ఉంది.

ఆ ఇంట్లో అప్పటికే మూడు కెమెరాలు ఉన్నాయి. డల్లాస్‌లో ఉంటున్న మా మేనల్లుడు వచ్చినప్పుడల్లా ఒకటి చొప్పున బిగించి వెళ్లాడు. వీధి గుమ్మం దగ్గర ఒకటి, హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి. నోటిమాటతో వెలిగే బల్బులు మరో కంపెనీవి. గ్యాసు లీకును పసిగట్టే పరికరం ఇంకొకరిది. వీటన్నిటికీ కలిపి అతని ఫోనులో నాలుగు యాప్‌లు. మనకు రాత్రి రెండున్నర అయిన వేళ అతనికి ముందురోజు సాయంత్రం నాలుగు. అప్పుడు అతడు ఒకసారి యాప్ తెరిచి చూశాడు కూడా. హాలు ఖాళీగా ఉంది, అమ్మ నిద్రపోతోందనుకున్నాడు. మూడు కెమెరాలూ తెల్లవార్లూ ఖాళీ హాలునూ ఖాళీ వంటింటినీ శ్రద్ధగా చిత్రీకరించాయి.

అక్కయ్యకు తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స బాగానే జరిగింది. వైద్యుడిగా నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఎముక కాదు, నేలమీద గడచిన ఆ కాలం. లేవలేని మనిషి గంటల తరబడి ఒకే పక్కన పడి ఉంటే, శరీరభారం క్రింద నలిగిన కండరాలు చివికి, వాటిలోని మయోగ్లోబిన్ రక్తంలో కలుస్తుంది. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. నొక్కుకుపోయిన చోట చర్మం పుండ్లు పడుతుంది. ఒళ్లు చల్లబడుతుంది, నీరు తగ్గిపోతుంది, ఊపిరితిత్తులలో నెమ్ము చేరవచ్చు. పడిపోవడం వలన ప్రపంచంలో ఏటా 6,84,000 మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అరవై యేళ్లు దాటినవారే అందులో అధికులు. నా వృత్తిజీవితంలో చూసినంతవరకు, పడిన పది నిమిషాలలో చేయి అందినవారికీ, తెల్లవారిన తరువాత అందినవారికీ కోలుకోవడంలో ఎంతో తేడా ఉంటుంది.

కాబట్టి పిల్లలు దూరదేశాలలో, పెద్దలు ఇక్కడ ఉన్న ఇళ్లలో ‘స్మార్ట్ హోమ్’ అనే మాటకు నేను చెప్పుకునే అర్థం ఒక్కటే. పెద్దావిడ లేవవలసిన వేళకు లేచిందా, వెళ్లిన చోటునుంచి తిరిగివచ్చిందా అన్న సంగతి, ఆవిడను చూడకుండానే, వెళ్లి తలుపు తీయగల మనిషికి తెలియాలి. ఇందుకు కెమెరా అక్కరలేదు. వెయ్యికి అటూ ఇటూగా దొరికే చిన్న సెన్సర్లు నాలుగైదు చాలు. అయితే అవన్నీ ఒకేచోట మాట్లాడుకోవాలి. చిక్కు అక్కడే ఉంది.

ఆసుపత్రినుంచి వచ్చాక అక్కయ్య మా అందరినీ కూర్చోబెట్టి తన షరతు చెప్పింది. “నా ఇంట్లో నేను చీర సర్దుకోవాలంటే వంటింట్లోకి పారిపోయేదాన్నిరా తమ్ముడూ. వాడు అక్కడ కూడా ఒక కన్ను పెట్టాడు. నేను లేచానో లేదో తెలిస్తే మీకు చాలదా? నేనేం చేస్తున్నానో మీకెందుకు?” అంది. నలభై యేళ్ల వైద్యంలో నేను ‘రోగి సమ్మతి’ అనే మాటను ఎన్నో కాగితాల మీద సంతకం చేయించాను. ఆ మాటకు ఇంత సూటి వివరణ మరెక్కడా వినలేదు. లోపలి కెమెరాలు రెండూ ఆ రోజే తీయించాను. వీధి గుమ్మం దగ్గరిది మాత్రం ఉండనిచ్చింది.

ఇక పరికరాల సంగతి. మీ ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఈ విషయం తేలికగా బోధపడుతుంది. ఒక కంపెనీ మీటరులో మరో కంపెనీ స్ట్రిప్ పనిచేయదు. మీటరు చవకగా ఇచ్చి, స్ట్రిప్పుల కోసం జీవితాంతం తమ దగ్గరకే రప్పించుకుంటారు. రక్తపుపోటు అలా కాదు. ఏ యంత్రంతో కొలిచినా 130 మీద 80 అంటే తెనాలి వైద్యుడికీ డల్లాస్ వైద్యుడికీ ఒకే అర్థం. ఇళ్లలో వాడే సెన్సర్లు చాలాకాలంపాటు గ్లూకోమీటర్ స్ట్రిప్పుల లాగానే ఉంటూ వచ్చాయి. అమెజాన్ అలెక్సా ఒక కుటుంబం, గూగుల్ హోమ్ ఒక కుటుంబం, యాపిల్ హోమ్ ఇంకొకటి, చవక పరికరాలలో ఎక్కువ భాగం తుయా అనే వేదికకు చెందినవి. పైగా అవి మాట్లాడే రేడియో భాషలు వేరు. కొన్ని వైఫై మీద నడుస్తాయి. కొన్ని జిగ్‌బీ అనే తక్కువ విద్యుత్తుతో పనిచేసే పద్ధతి మీద నడుస్తాయి. కొన్ని థ్రెడ్ మీద.

ఈ గందరగోళానికి విరుగుడుగా పెద్ద కంపెనీలన్నీ కూర్చుని ‘మ్యాటర్’ అనే ఉమ్మడి ప్రమాణాన్ని తయారుచేశాయి. దాని మొదటి రూపం 2022 అక్టోబరులో విడుదలైంది. పొగనూ కార్బన్ మోనాక్సైడునూ పసిగట్టే హెచ్చరిక పరికరాలు 2023 అక్టోబరులో వచ్చిన 1.2 రూపంలో చేరాయి. మ్యాటర్ గుర్తు ఉన్న వస్తువు ఒకేసారి రెండు మూడు కుటుంబాలతో కలిసి పనిచేయగలదు, ఇంటర్నెట్ లేకపోయినా ఇంటిలోపలే మాట్లాడుకోగలదు. ఇప్పుడు కొత్తగా కొనేవారు ఆ గుర్తు ఉందో లేదో చూసి కొనడం మంచిది. కాని ఇంట్లో ఇప్పటికే ఉన్నవాటిని పారవేయమని నేను చెప్పను. జిగ్‌బీ సెన్సర్లు నేటికీ చవక, వాటి బ్యాటరీ ఏడాది పైగా వస్తుంది. అదే పని చేసే వైఫై సెన్సరు బ్యాటరీని త్వరగా త్రాగేస్తుంది.

మేము చేసినది ఇది. ఎదురింటి మాష్టారి మనవడు ఇంజనీరింగు చదువుతున్నాడు. మూలపడిన ఒక పాత ల్యాప్‌టాప్‌లో ‘హోమ్ అసిస్టెంట్’ అనే ఉచిత సాఫ్ట్‌వేరును ఎక్కించాడు. 2013 నుంచి స్వచ్ఛంద ప్రోగ్రామర్లు పెంచుతూ వస్తున్న సాఫ్ట్‌వేరు అది, ఎవరికీ నెలవారీ రుసుము కట్టనక్కరలేదు. ఆ ల్యాప్‌టాప్‌కు బొటనవేలంత జిగ్‌బీ పరికరాన్ని తగిలించాడు. దానితో మూడు కంపెనీల సెన్సర్లూ ఒకే తెరమీదకు వచ్చాయి. పాత బల్బులలో సగం వచ్చాయి, సగం రాలేదు. రానివాటిని మేనల్లుడు బాధపడుతూనే తీసివేయించాడు. ల్యాప్‌టాప్ కాక మొత్తం ఖర్చు పన్నెండు వేలు దాటలేదు. రెండు ఆదివారాలు పట్టింది. నేను చేసినదల్లా కుర్చీలో కూర్చుని, ఏ గదిలో ఏ సంగతి తెలియాలో చెప్పడం. నిజానికి ఈ పనిలో కష్టమైన భాగం అదేనని తరువాత తెలిసింది.

ఇంత శ్రమ ఎందుకు, కంపెనీ యాప్ చాలదా అని అడిగేవారికి రెండు సంగతులు గుర్తుచేస్తాను. అమెరికాలో రివాల్వ్ అనే హబ్‌ను 2016 మే నెలలో దాని యజమాన్య సంస్థ నిలిపివేసింది. కొన్నవారి ఇళ్లలో ఆ పెట్టె ఉత్త ప్లాస్టిక్ డబ్బాగా మిగిలింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే సంస్థ సర్వర్లు ముందుమాట లేకుండా ఆగిపోయాయి. దీపాల కోసం పెట్టుకున్నవారు స్విచ్ వేసుకుని బ్రతికారు. కాని అమ్మ ప్రాణానికి కాపలాగా పెట్టుకున్న వస్తువు ఎక్కడో ఒక కంపెనీ లాభనష్టాల లెక్క మీద ఆధారపడి ఉండడం నాకు సమ్మతం కాదు. తుఫాను వచ్చి ఫైబర్ తీగ తెగిన రాత్రి కూడా అక్కయ్య మంచం క్రింద దీపం వెలగాలి. అందుకు నిర్ణయం ఇంట్లోనే జరగాలి. రౌటర్, ల్యాప్‌టాప్ రెండూ ఇన్వర్టర్ లైను మీద ఉండాలి. కరెంటు పోగానే కళ్లు మూసుకునే కాపలాదారు మనకెందుకు?

మొదటి ఏర్పాటు, అన్నిటికంటె నేను ఎక్కువ విలువనిచ్చేది, దీపం. వయసు మళ్లినవారు రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవడం సాధారణం. రక్తపుపోటు మాత్రలు వాడేవారికి పడుకున్న మనిషి గభాలున లేస్తే పోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. చీకట్లో స్విచ్ కోసం గోడ తడుముతూ నాలుగడుగులు వేసేది సరిగ్గా ఆ క్షణంలోనే. మంచం పక్కన, మోకాలి ఎత్తున, ఒక కదలిక సెన్సరు పెట్టించాము. కాలు క్రింద పెట్టగానే మంచం క్రిందనుంచి స్నానాలగది గడప వరకు పసుపు కాంతి నేలమీద పరచుకుంటుంది. పైన ట్యూబులైటు భగ్గున వెలిగితే నిద్రమత్తులో ఉన్న కళ్లకు అదొక బాధ. ఇక్కడొక అనుభవం. మొదట స్మార్ట్ బల్బు పెట్టాము. అక్కయ్య పడుకోబోయే ముందు గోడమీద స్విచ్ కట్టేసేది. స్విచ్ కట్టేస్తే ఏ స్మార్ట్ బల్బయినా చచ్చిన బల్బే. ఉత్తినే వెలుగుతున్న దీపాన్ని ఆర్పడం మన పెద్దల రక్తంలో ఉంది, దాన్ని మార్పించే ప్రయత్నం చేయకండి. ఎల్‌ఈడీ పట్టీని బీరువా వెనుక, ఆవిడ చేయి తగలని ప్లగ్గుకు తగిలించాక సమస్య తీరింది.

రెండవది, వెళ్లిన మనిషి తిరిగివచ్చిందా అన్నది. స్నానాలగది గుమ్మం దగ్గర ఒక సెన్సరు, పడకగదిలో ఒకటి. గుమ్మం దగ్గర కదలిక కనబడిన అరగంటలోగా పడకగదిలోనో వంటింట్లోనో కదలిక కనబడకపోతే హెచ్చరిక వెళుతుంది. మూడవది, తెల్లవారిన తరువాత. అక్కయ్య ఐదింటికల్లా లేచి డికాషన్ వేస్తుంది. ఆరున్నర వరకు వంటింట్లో కదలిక లేక, ఫ్రిజ్ తలుపు కూడా తెరుచుకోకపోతే మరో హెచ్చరిక. ఫ్రిజ్ తలుపుకు పెట్టినది అయస్కాంతంతో పనిచేసే చిన్న ముక్క, అన్నిటిలోకి చవక, ఇంతవరకు ఒక్కసారి కూడా అబద్ధమాడలేదు.

కదలిక సెన్సర్లు అలా కాదు. ఇవి మన ఒంటి వేడిని, అది కదలడాన్ని పసిగడతాయి. మే నెలలో మిద్దె ఇల్లు కాగి గోడలు ఒంటితో సమానంగా వేడెక్కినప్పుడు వీటికి మనిషికీ గోడకూ తేడా తెలియదు. రెండు మధ్యాహ్నాలు అక్కయ్య గదిలో తిరుగుతున్నా ‘కదలిక లేదు’ అని చెప్పింది. దీనికి మందుగా రాడార్ పద్ధతి సెన్సర్లు వచ్చాయి, అవి కూర్చున్న మనిషి ఊపిరిని సైతం గుర్తిస్తాయి. కాని మన ఇళ్లలో వాటికి పైన తిరిగే ఫ్యాను కూడా మనిషిలాగే కనబడుతుంది. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ గదిలో ఎవరో ఉన్నట్టే. అందువలన రాడారును ఫ్యాను లేని స్నానాలగది వైపు, నీళ్లు చిందని ఎత్తులో పెట్టించి, పడకగదిలో పాతదే ఉంచాము. ఒక రాత్రి బల్లి సెన్సరు మీదకే ఎక్కి కూర్చుని ఇల్లంతా దీపావళి చేసింది. బల్లిపాటు ఫలితాలలో ఇది ఎక్కడ వస్తుందో పంచాంగం చూడాలని అక్కయ్య నవ్వింది.

వంటింటి గ్యాసు విషయంలో మాత్రం నవ్వుతాలు లేదు. సిలిండరులో వచ్చే ఎల్పీజీ గాలికంటె బరువైనది, లీకైతే నేలమీద పరచుకుంటుంది. సెన్సరును నేలకు ఒక అడుగు లోపు ఎత్తులో బిగించాలి. గొట్టం ద్వారా వచ్చే సహజవాయువు తేలిక, దానికి కప్పు దగ్గర బిగించాలి. మా ఇంట్లో మునుపటి పరికరం చిమ్నీ పక్కన, తల ఎత్తున ఉండేది. సిలిండరుకు అది అలంకారం మాత్రమే. ఇంకొక ముఖ్యమైన హెచ్చరిక. ఒక యువకుడు ఉత్సాహంగా, గ్యాసు వాసన పసిగట్టగానే ఎగ్జాస్ట్ ఫ్యాను దానంతటదే తిరిగేలా చేస్తానన్నాడు. దయచేసి ఇటువంటి ఏర్పాటు మీ ఇంట్లో ఉంటే ఇప్పుడే తీసివేయండి. స్విచ్ పడేటప్పుడు పుట్టే చిన్న రవ్వ చాలు. గ్యాసు సెన్సరు చేయవలసిన పని కూతపెట్టడం ఒక్కటే. రెగ్యులేటరు కట్టడం, కిటికీలు తెరవడం, ఏ స్విచ్చూ ముట్టకుండా బయటకు రావడం, బయటనుంచి 1906కు ఫోను చేయడం మనుషుల పని. స్నానాలగదిలో గ్యాసు గీజరు ఉన్నవారికి కార్బన్ మోనాక్సైడు సెన్సరు వేరుగా కావాలి. దానికి రంగు లేదు, వాసన లేదు, స్నానం చేస్తున్న మనిషి తలతిరుగుడనుకుంటూనే స్పృహ కోల్పోతాడు. ఎల్పీజీ సెన్సరు దాన్ని పసిగడుతుందని నమ్ముకోకండి. సాధ్యమైతే ఆ గీజరునే గదిలోనుంచి తీసివేయండి. పొగ సెన్సరును దేవుడి గదికి, తాలింపు ఘాటుకు దూరంగా పెట్టుకోండి. రోజూ సాంబ్రాణి పొగకు అరిచే సెన్సరును మూడవరోజున మీరే ఊడబీకుతారు, నిజంగా మంట అంటుకున్న రోజున అది ఉండదు.

కరెంటు గీజరును స్మార్ట్ ప్లగ్గుతో నడపాలనుకునేవారు ఆ ప్లగ్గు 16 ఆంపియర్లదేనా అని చూసుకోవాలి. దీపానికి కొన్న చిన్న ప్లగ్గు గీజరు భారానికి కరుగుతుంది. స్విచ్‌బోర్డు వెనుక బిగించే పరికరాలకు చాలావరకు న్యూట్రల్ తీగ కావాలి, పాత ఇళ్ల బోర్డులలో అది ఉండదు. ఈ రెండు పనులకూ ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఒక చిన్న వస్తువు గురించి పిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెప్పాలి. ఈ సెన్సర్లలో చాలావాటికి రూపాయి బిళ్లలా ఉండే సి.ఆర్. 2032 బ్యాటరీలు వేస్తారు. వేసవి సెలవులకు మనవలు వస్తారు. తలుపు అంచున, చేతికందే ఎత్తున, మూత తేలికగా ఊడే ముక్కలు ఇంటినిండా ఉంటాయి. ఆ బిళ్ల మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటలలోనే లోపలి పొరను కాల్చివేయగలదు. పొట్టలోకి వెళ్లి బయటకు వస్తుందిలే అని ఎదురుచూడకూడదు, వాంతి చేయించకూడదు, వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి. ఏడాది నిండిన పిల్లకు దారిలో రెండు చెంచాల చొప్పున పదేసి నిమిషాలకు తేనె నాకించవచ్చు, దానికోసం ఆగిపోకూడదు. మూతకు స్క్రూ ఉన్న సెన్సర్లనే కొనండి. పాత బిళ్లలను టేపు చుట్టి అప్పటికప్పుడు పారవేయండి.

హెచ్చరిక ఎవరికి వెళ్లాలి? ఈ ప్రశ్న ఏ పెట్టె మీదా వ్రాసి ఉండదు. మేనల్లుడు మొదట తన ఫోనుకే రావాలన్నాడు. ఉదయం ఏడింటికి ఇక్కడ హెచ్చరిక మ్రోగితే వేసవిలో డల్లాస్‌లో రాత్రి ఎనిమిదిన్నర, అతడు భోజనాల బల్ల దగ్గర కూర్చుని చేయగలిగినదేమిటి? మళ్లీ ఎదురింటికే ఫోను చేయాలి. అందుకని మొదటి కూత ఎదురింటి మాష్టారికి, రెండవది బెంగుళూరులోని మేనకోడలికి, మూడవది అతనికి వెళ్లేలా అమర్చాము. ఇంటర్నెట్ లేని వేళకు వీధి వరండాలో ఒక సైరన్ కూడా ఉంది. మాష్టారి దగ్గర మారుతాళం చెవి ఉంది. అన్నీ అమర్చిన తరువాత ఆయనే అడిగారు, “డాక్టరుగారూ, ఆవిడ రాత్రిళ్లు లోపల గొళ్లెం వేసుకుంటుంది కదా, ఈ తాళంచెవితో నేనేం చేయను?” అని. పన్నెండు వేల సాంకేతికత ఒక ఇనుప గొళ్లెం ముందు నిలబడిపోయింది. లోపలినుంచి వేసినా బయటనుంచి తాళంచెవితో తీయగలిగే తాళం పెట్టించాము. స్నానాలగది గడియను పూర్తిగా తీయించాము. మీ ఇంట్లో సెన్సర్లు కొనేముందు వడ్రంగిని పిలవండి.

అబద్ధపు కూతలు తప్పవు. అక్కయ్య గుమ్మం పక్కన ‘ఊరెళుతున్నాను’ అనే బొత్తం ఒకటి ఉంది. గుంటూరులో పెళ్లికి వెళుతూ అది నొక్కడం మరచింది. మరునాడు ఆరున్నరకు మాష్టారు పరుగెత్తుకొచ్చి తలుపు తీసి, ఇల్లంతా వెతికి, చివరకు నాకు ఫోను చేశారు. ఆయనకు డెబ్బై యేళ్లు. ఇటువంటివి నెలకు నాలుగైతే ఎంత మంచివాడైనా ఐదవసారి నెమ్మదిగా వస్తాడు. ఆసుపత్రి ఐసీయూలో ఊరికే కూసే యంత్రాలకు నర్సులు చెవులు మూసుకోవడం నేను కళ్లారా చూశాను. అందుకే అరగంట నియమాన్ని పదిహేను నిమిషాలకు తగ్గించమని మేనల్లుడు ఎంత అడిగినా నేను ఒప్పుకోలేదు.

పోయిన మాఘమాసంలో ఈ లెక్కలు వేరొక రకంగా పనికివచ్చాయి. రాత్రి రెండుసార్లు లేచే అక్కయ్య వారంపాటు ఐదేసిసార్లు లేచినట్టు తెరమీద కనబడింది. ఫోను చేసి అడిగితే, “చలికి అలాగే ఉంటుందిలే” అంది. జ్వరం లేదు, మంట లేదు. మూత్రపరీక్ష చేయిస్తే ఇన్‌ఫెక్షన్ తేలింది. మధుమేహం ఉన్న పెద్దవారిలో అది అలా నిశ్శబ్దంగానే వస్తుంది. అలాగని ప్రతి అంకెకూ అర్థం వెతకకండి. అది వ్యాధి నిర్ణయం కాదు, ఫోను చేసి అడగడానికి ఒక కారణం. ఆ తెరను అక్కయ్యకు కూడా చూపించాము. తన రాత్రుల లెక్క తన ఇంటి ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది, ఏ కంపెనీకీ పోదు. పిల్లలకు ఎంతవరకు కనబడాలో ఆవిడే నిర్ణయించింది. మేనల్లుడికి హెచ్చరికలు వస్తాయి, లెక్కలు కనబడవు. అతడు కొంచెం నొచ్చుకున్నాడు. రౌటరుకూ ల్యాప్‌టాప్‌కూ కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డులు తీసివేసి కొత్తవి పెట్టడం మరువకండి. చాలా ఇళ్లలో ఆ పని జరగదు.

సెన్సరు పడిపోవడాన్ని ఆపదు, పడిన సంగతి చెబుతుంది, అంతే. ఈ మాట అమ్మేవారు మీకు చెప్పరు. ఆపేవి వేరే ఉన్నాయి, వాటిలో బ్లూటూత్ ఉండదు. కాళ్లకు బలాన్నీ నిలకడనూ ఇచ్చే వ్యాయామాలు క్రమంగా చేస్తే పడిపోవడం సుమారు నాలుగో వంతు తగ్గుతుందని ఎన్నో పరిశోధనలను కలిపి చూసినప్పుడు తేలింది. కంటి శుక్లం తీయించుకోవడం మేలు చేస్తుంది. నిద్రమాత్రలు, మూత్రం ఎక్కువయ్యే మాత్రలు, పోటు మాత్రలు ఏ వేళకు వేసుకోవాలో వైద్యునితో మాట్లాడండి. కమోడు పక్కన ఉక్కు కడ్డీ బిగించడానికి ఒక మేస్త్రీకి రెండు గంటల పని. మంచం మీద లేచి కూర్చుని, రెండు నిమిషాలు ఆగి, ఆ తరువాత నిలబడమని మీ అమ్మగారికి చెప్పండి. మా ఇంట్లో కడ్డీకి ముందు సెన్సర్లు వచ్చాయి. వైద్యుడి ఇంట్లో అలా జరగకూడదు, జరిగింది.

అంబులెన్సుకు 108, పెద్దల సహాయానికి దేశమంతటా పనిచేసే ఎల్డర్‌లైన్ 14567. ఈ రెండు అంకెలూ అక్కయ్య మంచం తలవైపు గోడమీద పెద్ద అక్షరాలతో వ్రాయించాను, మాష్టారి ఇంట్లో కూడా.

ప్రతి నెలా మొదటి ఆదివారం అక్కయ్య కావాలనే స్నానాలగదిలో కుర్చీ వేసుకుని, వారపత్రిక పట్టుకుని అరగంట కూర్చుంటుంది. కూత మ్రోగిన తరువాత మాష్టారు ఎంతసేపటికి వస్తారో గడియారం చూస్తుంది. ఆయనకు ముందుగా చెప్పదు. పోయిన నెల తొమ్మిది నిమిషాలు పట్టింది. ఆలస్యమెందుకైందని అడిగితే, ఆదివారమని తెలుసు కనుక కాఫీ త్రాగి వచ్చానన్నారట. ఇకమీదట వారం మార్చి చేస్తానంటోంది అక్కయ్య.